ఆ కవచం బరువెంత?

ఢిల్లీ యాత్రకు వచ్చిన ప్రతి విద్యార్థి బృందం మెహ్రౌలీలోని ఇనుప స్తంభం ముందు కాసేపు ఆగుతుంది. 7.2 మీటర్ల ఎత్తు, ఆరు టన్నులకు పైగా బరువు, పదహారు వందల ఏళ్ల వయసు, అయినా తుప్పు దాన్ని తినేయలేదు. ఈ సంగతులు గైడు నోరు విప్పకముందే పిల్లలు అప్పజెప్పేస్తారు. అవి పాఠ్యపుస్తకాల దాకా వచ్చాయంటే దాని వెనక చాలామంది పని ఉంది. 1912లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ ఆ ఇనుమును రసాయనికంగా విశ్లేషించారు. తరవాత ఎందరో లోహశాస్త్రజ్ఞులు దాని మీద పనిచేశారు. ఐ.ఐ.టి. కాన్పూరుకు చెందిన ఆర్. బాలసుబ్రమణ్యం 2000లో ప్రచురించిన పరిశోధనలో, ఇనుములో హెచ్చుగా ఉన్న భాస్వరం స్తంభం ఉపరితలం మీద రక్షక పొర ఏర్పడడానికి ఎలా తోడ్పడిందో వివరించారు. ఒక వస్తువును తూచారు, కొలిచారు, దాని లోపలి లోహం ఏమిటో తెలుసుకున్నారు. అందుకే దాన్ని గురించి చెప్పడానికి మనకు నాలుగు ముక్కలున్నాయి.

అదే బృందం అక్కడినుంచి జనపథ్‌లోని నేషనల్ మ్యూజియంకు వెళ్లి ఆయుధాల గ్యాలరీలో అడుగుపెడితే పరిస్థితి మారిపోతుంది. గాజు వెనక గొలుసు కవచాలు, శిరస్త్రాణాలు, డాళ్లు ఉంటాయి. వాటిని చూసిన ఏ పిల్లవాడికైనా పుట్టే మొదటి ప్రశ్న: "ఇది ఎంత బరువుంటుంది?" రెండోది: "బాణం తగిలితే ఆగుతుందా?" మూడోది కొంచెం తెలివైన పిల్లలు అడుగుతారు: "ఇది తొడుక్కుని ఎండలో ఎంతసేపు ఉండగలరు?" మన దేశంలో మ్యూజియం ఏదైనా కానివ్వండి, కవచం పక్కన పెట్టే చీటీ సాధారణంగా దాని పేరు, ప్రాంతం, శతాబ్దం చెప్పి, "ఉక్కు" అని ఒక మాట చేర్చి ఊరుకుంటుంది. ఆ మూడు ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు దొరకదు.

మధ్యయుగపు కవచాన్ని మళ్లీ తయారుచేయడమంటే ఆ మూడు ప్రశ్నలకూ జవాబు వెతకడమే. అది ఒక ప్రయోగం. పాత వస్తువును కొలిచి, అదే లోహంతో, అదే పద్ధతిలో కొత్తది తయారుచేసి, తొడిగి చూసి, కొట్టి చూసి, వచ్చిన అంకెల్ని రాసుకోవాలి. ఈ పని జరగకుండా చూడడానికి అలాగే కనిపించేదాన్ని తయారుచేస్తే అది వేషం. వేషం వేయడం తప్పు కాదు. దాన్ని పునర్నిర్మాణమని పిలవడం దగ్గరే నా పేచీ.

ముందు మాటల సంగతి చూద్దాం. తెలుగులో కవచానికి పదాలు తక్కువేమీ కాదు. వజ్రాంగి, జోడు, మైమరువు, బొందళం, తలకు పెట్టుకునేదానికి బొమిడికం. నిఘంటువు తెరిస్తే అన్నిటికీ ఎదురుగా "కవచము" అనే ఉంటుంది. ఏది రింగులల్లినది, ఏది పలకలు కుట్టినది, ఏది దూది కూరి కుట్టినది అన్న తేడా ఎక్కడో జారిపోయింది. అనువాదకులకు ఇదొక తలనొప్పి. పారసీకంలో అంత గందరగోళం లేదు. రింగుల అల్లిక 'జిరహ్'. రింగుల మధ్య పలకలు చేర్చినది 'బక్తర్'. ఛాతీకి, వీపుకు, రెండు పక్కలకు కట్టుకునే నాలుగు పలకలు 'చార్ ఐనా', అంటే నాలుగు అద్దాలు. ముంజేతికి తొడిగేది 'దస్తానా'. మొగల్ సైన్యంలో బాగా డబ్బున్న రౌతు ఒంటి మీద ఇవన్నీ ఉండేవి, వాటి కింద మెత్త అంగీ ఉండేది. పేదవాడికి ఆ అంగీ ఒక్కటే దిక్కు.

ఇవి ఎలా ఉండేవో తెలుసుకోవడానికి బొమ్మలు, పుస్తకాలు, మిగిలిన వస్తువులు అనే మూడు ఆధారాలున్నాయి. మూడూ ఢిల్లీలోనే అందుబాటులో ఉన్నాయి. అయితే మూడూ మనల్ని మోసం చేయగలవు, అదీ ఒక్కొక్కటి ఒక్కో రకంగా.

బొమ్మల విషయమే తీసుకోండి. నేషనల్ మ్యూజియంలో బాబర్‌నామా సచిత్ర ప్రతి ఒకటుంది. 144 చిత్రాలున్న అపురూపమైన ప్రతి అది. బాబర్ కాలపు సైనికుడి వేషం కావలసినవాళ్లు ముందు ఆ చిత్రాల మీదే పడతారు. పానిపట్టు యుద్ధంలో గుర్రాలకు తొడిగిన కవచాలు, రౌతుల శిరస్త్రాణాలు, చార్ ఐనాలు అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. కాని పానిపట్టులో బాబర్, ఇబ్రహీం లోడీ తలపడింది 1526 ఏప్రిల్ 21న. బాబర్ తన చగతాయి తురుష్క భాషలో రాసుకున్న ఆ గ్రంథాన్ని అబ్దుర్ రహీం ఖాన్-ఇ-ఖానాన్ పారసీకంలోకి తర్జుమా చేసి అక్బరుకు సమర్పించింది 1589లో. నేషనల్ మ్యూజియం ప్రతి తయారైంది సుమారు 1598లో. అంటే యుద్ధానికీ బొమ్మకూ మధ్య డెబ్భై ఏళ్ల ఎడం ఉంది. ఆ చిత్రకారులు పుట్టకముందే పానిపట్టు పాత కథ అయిపోయింది. వాళ్లు కళ్లతో చూసినవి అక్బరు ఆయుధాగారంలోని కవచాలు, గీసినవీ అవే. 1990లలో పనిచేసిన చిత్రకారుణ్ణి 1920ల సైనికుడి బొమ్మ వేయమంటే ఎంత జాగ్రత్త పడతాడో ఊహించుకోండి. వాళ్లు ఆ మాత్రం జాగ్రత్త కూడా పడి ఉండరు, పడవలసిన అవసరమూ వాళ్లకు లేదు.

కాబట్టి బాబర్‌నామా చిత్రాలు అక్బరు కాలపు కవచాలకు మంచి సాక్ష్యం, బాబరు కాలానికి బలహీనమైన సాక్ష్యం. ఈ చిన్న విషయం పట్టించుకోకుండా ఆ బొమ్మల్ని "1526 నాటి సైనికుడు" అని అచ్చువేసే పుస్తకాలు, చార్టులు ఎన్నో ఉన్నాయి. మరో ఇబ్బంది కూడా ఉంది. అంగుళంలో ఎనిమిదో వంతు ఎత్తున ఉన్న భుజం మీద చిత్రకారుడు గొలుసు అల్లికను ఎలా చూపగలడు? బూడిద రంగు పూసి, సన్నని గీతల వల ఒకటి పరుస్తాడు. అది గొలుసు అన్న సంకేతం మాత్రమే. రింగు ఎంత పెద్దదో, తీగ ఎంత లావో ఆ బొమ్మనుంచి లాగడం కుదరదు.

ఇక గ్రంథాలు. అబుల్ ఫజల్ రాసిన ఐన్-ఇ-అక్బరీలో ఆయుధాగారం మీద ఒక ప్రకరణముంది. అందులో ఒక్కొక్క కవచం పేరు చెప్పి, తక్కువలో తక్కువ ధర ఎంత, ఎక్కువలో ఎక్కువ ఎంత అని వరసగా ఇచ్చాడు. ఈ పట్టికను పేర్ల కోసం చాలామంది వాడుకున్నారు. నాకు మాత్రం ధరలే ఆసక్తికరంగా కనిపిస్తాయి. ఒకే పేరు కింద కొద్ది రూపాయల సరుకూ, బంగారు మొహరీలు పోయవలసిన సరుకూ ఉన్నాయి. అంటే 'జిరహ్' అన్న ఒక్క మాటతో ఆ వస్తువు నాణ్యత గురించి మనకు ఏమీ తెలియదు. రింగులు దగ్గరగా ఉన్నాయా దూరంగా ఉన్నాయా, ఇనుమా ఉక్కా, ఆ తేడా అంతా ధరలో దాగి ఉంది. అబుల్ ఫజల్ ఖజానా లెక్కలు తెలిసినవాడు గనుక ధర రాశాడు. లోహం గురించి అడిగేవాడు అప్పుడు లేడు.

వస్తువే చేతిలో ఉంటే ఇక అనుమానమెందుకు అనుకోవచ్చు. ఇక్కడ మన కర్నూలు జిల్లా ఆదోని కథ చెప్పాలి. బీజాపూరు పతనమైన తరవాత ఆదోని కోట మొగలుల వశమైంది. మొగల్ పక్షాన అక్కడ ఉన్న బికనేరు రాజు అనూప్ సింగ్ కోటలో దొరికిన ఆయుధాలు, కవచాలు పెద్ద ఎత్తున తన ఊరికి పంపించాడు. బికనేరు ఆయుధాగారంలో వాటి మీద చిన్న చిన్న చుక్కలు పొడిచి, దేవనాగరి లిపిలో ఆదోని పేరు, తెచ్చిన సంవత్సరం రాయించారు. ఆ లెక్కన 1689 వస్తుంది. వాటిలో కొన్ని తరవాతి రోజుల్లో విదేశీ మ్యూజియంలకు చేరాయి. దక్కను కవచాల చరిత్రకు ఆ చుక్కల రాతలు పెన్నిధి. అయితే అవి చెప్పేది కవచం ఎప్పుడు చేతులు మారిందో. ఎప్పుడు తయారైందో కాదు. 1689లో ఆదోనిలో దొరికిన కవచం అప్పటికి ఇరవై ఏళ్లది కావచ్చు, నూరేళ్లదీ కావచ్చు. గొలుసు కవచానికి చావు లేదు. చిరిగిన చోట నాలుగు రింగులు మార్చి మళ్లీ వాడుకుంటారు, తండ్రిది కొడుక్కి సరిపోకపోతే పక్కన ఒక పట్టీ అల్లి కలుపుతారు. ఒకే అంగీలో మూడు తరాల కమ్మరి పని ఉండవచ్చు. దాన్ని నమూనాగా పెట్టుకుని కొత్తది చేసేవాళ్లు ఏ తరం పనిని అనుకరిస్తున్నారో ముందు తేల్చుకోవాలి. షాజహాన్‌దని గుర్తించిన కవచం ఒకటి న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. దాని మీద హిజ్రీ 1042, అంటే 1632-33 అని తేదీ ఉంది. అలాంటివి చాలా అరుదు.

ఇప్పుడు రింగు దగ్గరికి వద్దాం. గొలుసు కవచంలో ఒక్కొక్క రింగు చుట్టూ ఉన్న నాలుగు రింగుల గుండా పోతుంది. నాణ్యమైన పనిలో తీగను చుట్టి, కొసలను చదును చేసి, ఒకదానిపై ఒకటి ఆనించి, సన్నని రంధ్రం పొడిచి, చీల కొట్టి బిగిస్తారు. దీన్నే రివెట్టు రింగు అంటారు. చాలా భారతీయ కవచాల్లో ఒక వరస రివెట్టు రింగులు, మరో వరస అతుకులేని రింగులు ఉంటాయి. అందువల్ల రివెట్టు పని సగానికి తగ్గుతుంది. కొన్నిట్లో రింగు మధ్య అడ్డంగా ఒక కమ్మీ కూడా ఉంటుంది, గ్రీకు అక్షరం తీటా లాగా. పద్దెనిమిది, పంతొమ్మిది శతాబ్దాల దర్బారు కవచాల్లో మాత్రం తీగను వట్టినే వంచి కొసలు కలిపి వదిలేసినవి ఎక్కువ. ఇత్తడి, రాగి రింగులు కలిపి అందమైన నగిషీ అల్లికలు కూడా చేశారు. అవి ఊరేగింపుకు పనికొస్తాయిగాని పోటు తగిలితే రింగు విచ్చుకుంటుంది. గాజుకు ఇవతల రెండడుగుల దూరం నుంచి చూస్తే ఈ రెంటికీ తేడా తెలియదు. ఒకటి యుద్ధానిది, ఒకటి పెళ్లి ఊరేగింపుది. రెండిటి పక్కనా ఒకే రకం చీటీ ఉంటే చూసేవాడేం చేస్తాడు?

బరువు సంగతి మీరే లెక్క వేయవచ్చు. తీగ మందం 1.2 మి.మీ. అనుకోండి. రింగు బయటి వ్యాసం దాదాపు 10 మి.మీ. అనుకోండి. కొసలు ఆనే భాగంతో కలిపి ఒక్కొక్క రింగుకు 30 మి.మీ. తీగ పడుతుంది. తీగ అడ్డుకోత వైశాల్యం 1.13 చదరపు మి.మీ., కాబట్టి ఘనపరిమాణం 34 ఘన మి.మీ. ఇనుము సాంద్రత ఘన మి.మీ.కు 7.85 మి.గ్రా. అంటే రింగు బరువు 0.27 గ్రాము. అంగీకి 30,000 రింగులు పట్టాయనుకుంటే మొత్తం 8 కిలోలు. ఇప్పుడు తీగ మందం ఒక్కటి 1.5 మి.మీ.కు మార్చి మిగతావి అలాగే ఉంచండి. వైశాల్యం మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక బరువు 12.5 కిలోలకు చేరుతుంది. 0.3 మి.మీ. అంటే మూడు నాలుగు కాగితాల మందం. ఆ మాత్రం తేడాకు నాలుగున్నర కిలోలు పెరిగింది! ఫోటో చూసి కవచం చేసేవాడికి ఈ 0.3 మి.మీ. ఎక్కడ దొరుకుతుంది?

శ్రమ లెక్క కూడా ఇందులోనే ఉంది. సగం రింగులకే రివెట్లు కొట్టినా 15,000. ఒక్కొక్కదానికి రెండు నిమిషాలనుకుంటే 500 గంటలు, రోజుకు ఎనిమిది గంటల చొప్పున రెండు నెలల పని. తీగ లాగడం, అతుకులేని రింగులు తయారుచేయడం దీనికి అదనం. ఐన్-ఇ-అక్బరీలో ధరలు అంత ఎందుకు పలికాయో ఈ లెక్కతో కొంత బోధపడుతుంది.

లోపల ఏముందో పైకి తెలియని కవచాలు కూడా ఉన్నాయి. 'చిల్తా హజార్ మాషా', అంటే వెయ్యి మేకుల అంగీ, ముఖమల్ గుడ్డ మీద వరసలుగా బంగారు పూత మేకుల తలలతో మెరిసిపోతుంటుంది. కొన్నిట్లో ఆ మేకులు గుడ్డ కింద ఉన్న ఇనుప పలకల్ని పట్టి ఉంచుతాయి. కొన్నిట్లో కింద మెత్త తప్ప ఏమీ లేదు, మేకులు వట్టి అలంకారమే. బయటినుంచి రెండూ ఒకటే. కుట్టు విప్పకుండా తేల్చాలంటే ఎక్స్-రే తీస్తే చాలు. ఆస్పత్రిలో చెయ్యి విరిగినవాడికి తీసే ఎక్స్-రే సూత్రమే ఇదీ. ఇనుము కిరణాల్ని ఆపుతుంది, గుడ్డ ఆపదు.

ఇలా రాస్తుంటే మన పండితులు ఏమీ చేయలేదన్న అపార్థం రావచ్చు. అది అన్యాయం. నేషనల్ మ్యూజియంలో ఆయుధ విభాగం చూసిన జి.ఎన్. పంత్ 1978 నుంచి 1983 వరకు 'ఇండియన్ ఆర్మ్స్ అండ్ ఆర్మర్' అన్న మూడు సంపుటాల గ్రంథం వెలువరించారు. మూడో సంపుటం కవచాలకు, డాళ్లకు కేటాయించారు. 1989లో బాబర్‌నామాలోని ఆయుధాల మీదే విడిగా ఒక పుస్తకం రాశారు. అంతకుముందు ఈ విషయం మీద పని కావాలంటే 1880లో ఎగర్టన్ లండనులోని ఇండియా మ్యూజియం ఆయుధాలకు వేసిన జాబితాయే శరణ్యం. ఒక పరాయి దొర జాబితానుంచి మన మ్యూజియం గదుల్లోకి విషయాన్ని తెచ్చిన ఘనత పంత్‌ది. ఆయన పద్ధతి కళాచరిత్రకారుడి పద్ధతి. పేరు, ఆకారం, అలంకారం, శిల్పాల్లోనూ చిత్రాల్లోనూ దానికి పోలికలు చూస్తారు. ఏ శాస్త్రానికైనా వర్గీకరణ మొదటి మెట్టు. మొక్కలకు పేర్లు పెట్టకుండా వృక్షశాస్త్రం పుట్టదు. నా అభ్యంతరమల్లా ఆ మెట్టు మీదే నాలుగు దశాబ్దాలుగా కూర్చుండిపోవడం గురించే. పేర్లు పెట్టిన తరవాత సూక్ష్మదర్శిని తీయాలి గదా.

సూక్ష్మదర్శిని ఎంత పని చేస్తుందో తెలియడానికి మన తెలంగాణ ఉదాహరణే ఉంది. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసలలో కరిగించి తయారుచేసిన ఉక్కు కోసం ఇరానునుంచి వర్తకులు వచ్చేవారని, అక్కడ స్వయంగా చూసిన వాయిసీ రాసిన వ్యాసం 1832లో అచ్చయింది. 'వూట్జ్' అని ప్రపంచమంతా పిలిచే ఆ ఉక్కు మనకు గర్వకారణం. గర్వం ముదిరి, పాత కత్తి ఏది కనిపించినా వూట్జ్ అనేయడం కూడా అలవాటైంది. అలన్ విలియమ్స్, డేవిడ్ ఎడ్జ్ అన్న ఇద్దరు పరిశోధకులు హైదరాబాదు ఆయుధాగారానికి చెందిన కొన్ని కత్తుల్ని సూక్ష్మదర్శిని కింద పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. అన్నీ వూట్జ్ కావని తేలింది. ఖరీదైన మూస ఉక్కు సామాన్య సైనికుడి దాకా రాలేదంటే ఆశ్చర్యమేముంది? కత్తికే అలా ఉంటే వేల రింగులు, పదుల పలకలు పట్టే కవచానికి ఏ లోహం వాడారో ఊహతో చెప్పకూడదు.

లోహంలో తేడా ప్రాణానికి ఎంత తేడా తెస్తుందో యూరప్ కవచాల మీద ఇదే విలియమ్స్ చేసిన ప్రయోగాలు చెబుతాయి. బాణం ములికిలాంటి మొన సూటిగా దిగితే, 1 మి.మీ. మెత్తని ఉక్కు రేకును చీల్చడానికి సుమారు 55 జౌళ్ల శక్తి కావాలి. 2 మి.మీ. రేకుకు సుమారు 175 జౌళ్లు. మందం రెట్టింపయితే కావలసిన శక్తి మూడింతలన్నమాట. అదే రేకు మడ్డి ఎక్కువగా ఉన్న నాసిరకం ఇనుమయితే అందులో సగం శక్తి చాలు. 40 గ్రాముల బాణం సెకనుకు 55 మీటర్ల వేగంతో వచ్చిందనుకోండి. గతిశక్తి సూత్రంలో వేసి చూస్తే 60 జౌళ్లు వస్తుంది. ఒక మి.మీ. మంచి రేకు కట్టుకున్నవాడికి అది గాయం కావచ్చు, కాకపోవచ్చు. నాసిరకం రేకు కట్టుకున్నవాడి ఛాతీలో ములికి దిగుతుంది. ఇద్దరి చార్ ఐనాలూ పైకి ఒకేలా మెరుస్తుంటాయి.

కవచాన్ని ఇలా పరీక్షించాలంటే ముక్క కోయాలి గదా, మ్యూజియంవాళ్లు ఒప్పుకుంటారా అని అడగవచ్చు. ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే సబబు. ఒకటే ఉన్న వస్తువును కోసి జ్ఞానం సంపాదించడం ఇల్లు తగలబెట్టి బొగ్గులు ఏరుకోవడమే. అయితే కోయకుండా చేసే పద్ధతులు వచ్చాయి. న్యూట్రాన్లు లోహంలోకి లోతుగా చొచ్చుకుపోతాయి. అవి చెదిరే తీరును బట్టి లోపల కర్బనం ఎంత ఉందో, దాన్ని కాల్చి నీటిలో ముంచారో లేదో అంచనా వేయవచ్చు. ఇంగ్లండులో భారతీయ ఖడ్గాల మీద ఈ పని చేశారు. మనకు ట్రాంబేలో 1985 నుంచి ధ్రువ రియాక్టరు ఉంది, అక్కడ న్యూట్రాన్ కిరణాలతో పదార్థాల్ని పరీక్షించే సౌకర్యాలున్నాయి. నేషనల్ మ్యూజియం ఆవరణలో మొదలై నోయిడాకు మారిన సంస్థ ఒకటి పురావస్తువుల సంరక్షణలో ఎం.ఏ. దాకా పాఠాలు చెబుతోంది. అక్కడి విద్యార్థికి ఒక తక్కెడ, ఒక వెర్నియర్ కాలిపర్స్ ఇచ్చి వారం రోజులు కవచాల దగ్గర వదిలినా సగం పని జరుగుతుంది.

ఇలా కొలిచి తయారుచేసిన కవచం ఏం చెబుతుందో చూడండి. 2011లో లీడ్స్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రాహం ఆస్క్యూ బృందం, పదిహేనో శతాబ్దపు యూరప్ కవచాలకు నమ్మకమైన ప్రతిరూపాలు తొడిగిన నలుగురిని ట్రెడ్‌మిల్ మీద నడిపించి, వాళ్లు పీల్చిన ఆక్సిజన్‌ను కొలిచింది. 30 నుంచి 50 కిలోల ఆ కవచంతో నడవడానికి మామూలుకంటే రెండు రెట్లకు పైగా శక్తి ఖర్చయింది. అంతే బరువు వీపున మోస్తే ఇంత ఖర్చు కాదు. కాళ్లకు కట్టిన ఇనుమును అడుగడుక్కీ ఊపవలసిరావడం దీనికొక కారణం. పలకలు ఛాతీని నొక్కడం వల్ల ఊపిరి పొట్టిపొట్టిగా, తొందరతొందరగా వచ్చింది. 2024లో గ్రీసు పరిశోధకులు డెండ్రా గ్రామంలో 1960లో దొరికిన మూడున్నర వేల ఏళ్ల కంచు కవచానికి ప్రతిరూపం చేసి, 13 మంది నౌకాదళ సైనికులకు తొడిగి, 11 గంటలపాటు యుద్ధంలో చేసే పనులన్నీ చేయించారు. అంతకుముందు ఆ కవచం పూజలకే తప్ప పోరుకు పనికిరాదన్న వాదముండేది. తొడిగి చూశాక ఆ వాదం వీగిపోయింది.

పానిపట్టు ఢిల్లీకి 90 కిలోమీటర్లు. ఏప్రిల్ మూడో వారంలో అక్కడి ఎండ ఎలా ఉంటుందో హర్యానా బస్సెక్కినవాళ్లందరికీ తెలుసు. ఒంటిమీద పది కిలోల ఇనుము, దాని కింద దూది కూరిన అంగీ. చెమట ఆరే దారి లేదు. ఆ రోజు ఎవరు ఎంతసేపు నిలవగలిగారు? యుద్ధ చరిత్రకారులు ఫిరంగుల్ని, బండ్ల వరసను వర్ణిస్తారు, ఈ ప్రశ్న వేయరు. జవాబు చెప్పగలిగేది సరైన ప్రతిరూపమే. అందులో కూడా ఇనుముకంటే ముఖ్యమైనది ఆ దూది అంగీ. రింగుల అల్లిక పోటును ఆపినా దెబ్బను ఆపదు. ఎముక విరగకుండా కాపాడేది కింది మెత్త. గుడ్డ చెదలకు, చెమ్మకు పోయింది, ఇనుము మిగిలింది. మ్యూజియంలో మనం చూస్తున్నది సగం కవచమే. దక్షిణాదిలో ఈ గుడ్డ కవచం ప్రాధాన్యం ఇంకా ఎక్కువ. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేష్ రాయలవారి సేనను చూసి, పొరలు పొరలుగా కుట్టిన అంగీల గురించి ప్రత్యేకంగా రాశాడు. వాటిని పత్తి పండే కర్నూలులోనో ఆదిలాబాదులోనో మళ్లీ కుట్టి, బరువెంత ఉంటుందో, చెమట ఎంత పీలుస్తుందో చూడడానికి రియాక్టరు అక్కర్లేదు. కళాశాల భౌతికశాస్త్ర విభాగం చాలు.

చేసే చేతులు లేవా అంటే కావలసినన్ని ఉన్నాయి. విచిత్రం అక్కడే ఉంది. ప్రపంచమంతటా మధ్యయుగ యుద్ధ ప్రదర్శనలు ఇచ్చేవాళ్లు తొడుక్కునే రివెట్టు గొలుసు కవచాల్లో చాలా భాగం భారతదేశంలో తయారవుతుంది. డెహ్రాడూన్‌లో 1943లో మొదలైన విండ్‌లాస్ స్టీల్‌క్రాఫ్ట్స్ యూరప్ వీరుల కత్తులు, కవచాలు చేసి ఎగుమతి చేస్తుంది. మన పనివాడు రోజంతా కూర్చుని ఇంగ్లీషు నైటుకు రింగులు బిగిస్తాడు. కొలతలు ఇచ్చేది కొనేవాడు, అవి యూరప్ మ్యూజియంల ప్రచురణల్లోంచి వస్తాయి. మొగల్ బక్తర్‌కో ఆదోని కవచానికో అలాంటి కొలతల కాగితం చేతికిస్తే అదే పనివాడు దాన్నీ చేయగలడు. కాగితమే లేదు.

ఆ ఖాళీని సినిమా నింపింది. 'జోధా అక్బర్', 'పానిపట్' వంటి చిత్రాల్లో నటుడు కవచంతో రోజంతా పరుగెత్తాలి, గుర్రమెక్కాలి, పాట పాడాలి. కాబట్టి దుస్తుల విభాగం తేలికపాటి సరుకుతో మెరిసే కవచం తయారుచేయడం సహజం. అది దర్శకుడి తప్పని నేననను. పాఠశాల ప్రదర్శనలో ఆ వేషాన్ని చూసి అట్టముక్కలతో చేసి, కింద "మొగల్ కవచం - పునర్నిర్మాణం" అని రాసి, బహుమతి ఇచ్చే న్యాయనిర్ణేతల్ని మాత్రం ఒక మాట అడగాలి: బరువెంత అని ఆ పిల్లల్ని అడిగారా?

లీడ్స్‌లోని రాయల్ ఆర్మరీస్ మ్యూజియంలో మన దేశపు ఏనుగు కవచం ఒకటుంది. దాన్ని 1801లో క్లైవ్ కుటుంబం ఇంగ్లండు తీసుకుపోయింది. మిగిలిన భాగంలో 5,840 పలకలున్నాయి, బరువు 118 కిలోలు, పూర్తిగా ఉన్నప్పుడు 159 కిలోలు ఉండేదని అక్కడివాళ్లు లెక్క కట్టారు. మన ఏనుగు బరువు తెలుసుకోవడానికి మనం లీడ్స్ అంకెల మీద ఆధారపడుతున్నాం.

ఈలోగా గ్యాలరీకి వెళ్లే విద్యార్థులు ఒక పని చేసి చూడవచ్చు. ఫోటోకు అనుమతి ఉన్నచోట, గాజు మీద ఒక రూపాయి నాణేన్ని స్నేహితుడి చేత పట్టించి, నాణెం, వెనక కవచం రెండూ స్పష్టంగా పడేలా ఎదురుగా నిలబడి ఫోటో తీయండి. ఇప్పుడు చెలామణిలో ఉన్న కొత్త రూపాయి వ్యాసం సుమారు 20 మి.మీ. దానితో పోల్చి రింగు వ్యాసం లెక్క కట్టండి. అయితే నాణెం కెమెరాకు దగ్గరగా, కవచం దూరంగా ఉన్నాయి గనుక రింగు ఉన్నదానికంటే చిన్నదిగా వస్తుంది. కెమెరానుంచి గాజుకు 1 మీటరు, గాజునుంచి కవచానికి 20 సెం.మీ. ఉంటే వచ్చిన అంకెను 1.2తో గుణించాలి. ఫోటోలో 8 మి.మీ. వచ్చిన రింగు నిజానికి 9.6 మి.మీ. అన్నమాట. పది రింగులు కొలిచి సగటు తీయండి, ఛాతీ మీద పది సెంటీమీటర్ల చదరంలో ఎన్ని రింగులున్నాయో లెక్కపెట్టండి. మొత్తం రింగుల సంఖ్య ఉజ్జాయింపుగా దొరుకుతుంది. తీగ మందం మాత్రం ఈ పద్ధతిలో దొరకదు. ఫోటోలో అంచు మసకబారితే 1.2కీ 1.5కీ తేడా తెలియదు. ఆ ఒక్క అంకె గాజుకు అవతల ఉన్నవాళ్లే ఇవ్వాలి.